పులిపిరి ఉన్న తాతలు

ఆ వీధిలో పొయ్యి వెలగని ఇల్లు ఉండొచ్చు గాని పటం లేని ఇల్లు ఉండదు. పటమంటే ఏ పటమో అనుకునేరు, దేశం పుట్టిన పటం. పెద్ద హాలు, పైనుంచి వేలాడే దీపాల గుత్తి, పొడుగాటి బల్ల. బల్ల మీదికి వంగి కాగితం మీద సంతకం పెడుతున్న పెద్దాయన. ఆ సంతకంతోనే దేశం పుట్టిందట. పెద్దాయన పక్కన కుర్చీల్లో ముందు వరస పెద్దమనుషులు, వాళ్ళ వెనక వరసలు వరసలుగా నిలబడ్డ జనం.

అచ్చాఫీసువాడు ముందు వరసకి కళ్ళూ ముక్కూ చక్కగానే పెట్టాడు. వెనక వరసల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నొప్పెట్టిందో, ఇంటికెళ్ళే వేళయిందో, ముఖాలకి బదులు పిండిముద్దలు పెట్టి ఊరుకున్నాడు. కోట్లు ఉన్నాయి, టోపీలు ఉన్నాయి, మధ్యన ముఖాలు లేవు. ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాడు. నిజంగానే ఎవరూ చూడలేదు, రంగులమ్మ కుంచె పట్టేదాకా.

రంగులమ్మ పటాల కొట్టాయన పెళ్ళాం. ఆయన చెక్క కోసి ఫ్రేములు కడతాడు, అద్దం కోస్తాడు, మేకులు కొడతాడు. కొలిచినంత బాగా మాట్లాడలేడు. పెళ్ళిచూపుల్లో కూడా పిల్లని చూడకుండా ఆ ఇంటి కిటికీని కళ్ళతోనే కొలిచాడని చెప్పుకుంటారు. రంగులమ్మ వచ్చిన కొత్తల్లో పాత ఫొటోలకి రంగులద్దేది. నలుపు తెలుపుల్లో పెళ్ళి చేసుకున్నవాళ్ళ బుగ్గలకి ఎరుపు పూసి, వాళ్ళ చేత రంగుల్లో కాపురం చేయించేది.

కొట్టంటే వీధి వైపు గది. గోడవారన అద్దాల పలకలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ఒక పక్క రంపప్పొట్టు, ఒక పక్క బంకడబ్బా. కిటికీ కింద రంగులమ్మ బల్ల. ఆ బల్లకి ఎదురుగా, గుమ్మంలో వెలుతురు పడేచోట, అత్తగారి కుర్చీ. అక్కడ కూర్చుంటే ఒక కన్ను వీధి మీదా ఒక కన్ను కోడలి మీదా వెయ్యొచ్చు. ఆవిడ ముఖం సంగతి చెప్పాలి. పొడుగాటి ముక్కు, పైకి లేచిన కనుబొమ్మలు, కిందికి దిగిన పెదవి, ముక్కు పక్కన శనగగింజంత పులిపిరి. ఎవరేం చేసినా ఆ ముఖానికి నచ్చదు, సొంత చెల్లెలు చేసినా సరే. సూర్యుడు ఉదయించినా, 'ఇదేనా రావడం?' అన్నట్టు చూస్తుంది.

ఒకరోజు దర్జీ తన పటాన్ని తెచ్చాడు. వెనక వరసలో ఒక పిండిముద్దని పురుగు తినేసి చిల్లు చేసింది.

"చెల్లెమ్మా, ఈ బొక్క కనపడకుండా చెయ్యి. ఇంటికొచ్చినవాళ్ళంతా దేశంలో బొక్క పడిందని నవ్వుతున్నారు."

రంగులమ్మ వెనక నుంచి కాగితం అంటించింది. ఊరికే రంగు పూస్తే అతుకు తెలిసిపోతుంది, ముఖం పెట్టాలి. ఎవరి ముఖం పెట్టాలి? తల ఎత్తి చూసింది. ఎదురుగా అత్తగారి ముఖం, నిండు వెలుతురులో, కదలకుండా, కోపంగా. చెయ్యి దానంతటదే నడిచింది. అయ్యాక చూసుకుంటే అచ్చం అత్తగారే. గబగబా ఇంత మీసం పెట్టింది.

దర్జీ పటం అందుకున్నాడు. చూశాడు.

"చెల్లెమ్మా... ఇది మా తాతే!"

"మీ తాతగారు అక్కడికి వెళ్ళారా అన్నయ్యా?"

"వెళ్ళకపోతే పటంలోకి ఎలా వస్తాడమ్మా?"

దర్జీ పటాన్ని గుండెకి హత్తుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీధంతా అతని ఇంట్లోనే ఉంది. మర్నాడు పొద్దున్నే వీధంతా పటాలు పట్టుకుని రంగులమ్మ గుమ్మంలో ఉంది.

ఫొటోలున్నవాళ్ళతో చిక్కు లేదు, చూసి వేసెయ్యడమే. కాని ఆ రోజుల్లో ఫొటో దిగిన తాతలు ఎంతమంది? రొట్టెల కొట్టాయన ఫొటో లేకుండా ఉత్త పటంతో వచ్చాడు.

"మా తాతని నేను చూళ్ళేదమ్మా. మా నాన్న చెప్పేవాడు. ముక్కు పొడుగంట. ఎవర్నీ మెచ్చుకునేవాడు కాదంట. ఆయన గదిలోకొస్తే పిల్లులు కూడా లేచి నిలబడేవంట."

రంగులమ్మ తలెత్తింది. ఎదురుగా అన్ని లక్షణాలూ మూర్తీభవించి కూర్చుని, "ఏమే, ఆ బంకడబ్బా మూత పెట్టావా?" అంటోంది.

అలా రొట్టెల తాత తయారయ్యాడు. ఆ తర్వాత మంగలి తాత, పాలవాడి తాత, తపాలా జవాను తాత. ఒకరికి గడ్డం, ఒకరికి కళ్ళజోడు, ఒకరికి బట్టతల. చెట్టుకి కొమ్మలు వేరైనా వేరు ఒకటే.

ఒకసారి మాత్రం పరాకున పులిపిరి కూడా పెట్టేసింది. చూసుకునేసరికి కంటిడాక్టరుగారి బంట్రోతు వచ్చి పటం పట్టుకుపోయాడు. ఇంక కొంప మునిగిందనుకుంది. మునగలేదు. వారం తిరక్కుండా దర్జీ మళ్ళీ వచ్చాడు, ఈసారి ముఖం ముడుచుకుని.

"చెల్లెమ్మా, కంటిడాక్టరు తాతకి పులిపిరి ఉంది. మా తాతకేం తక్కువ?"

"మీ తాతగారికి పులిపిరి ఉండేదా అన్నయ్యా?"

"ఉండేదో లేదో నాకేం తెలుసు? పెద్దింటి తాతకి ఉన్నప్పుడు మా తాతకి లేకపోతే ఏం బాగుంటుంది!"

అందరికీ పులిపిరి పెట్టాల్సి వచ్చింది. బడిపంతులు పిల్లలకి పాఠం కూడా చెప్పేశాడు. ఆ రోజుల్లో దేశం కోసం తపించిన మహానుభావులకి ఆ తాపానికి ముక్కు పక్కన అలా లేచేదిరా అని. ఒక కుర్రాడు లేచి తన ముక్కు మీద మొటిమ చూపించి, ఇది కూడా దేశం కోసమేనా అంటే బెంచీ ఎక్కించాడు. పొరుగూరివాళ్ళు వచ్చి, ఆ హాల్లో సగం మంది మీ ఊరివాళ్ళేనే, అంత దూరం ఎలా వెళ్ళారండీ అనడిగితే, "నడిచి వెళ్ళారు. అప్పటివాళ్ళవి కాళ్ళా, స్తంభాలా!" అని జవాబు.

రంగులమ్మకి వచ్చిన ధైర్యమంతా ఒకే ఒక్క దాంతో వచ్చింది. అత్తగారి కళ్ళకి అప్పటికే పొరలు కమ్మడం మొదలైంది. మొదట సూదిలో దారం ఎక్కలేదు, తర్వాత మెట్లు కనపడలేదు, ఆ తర్వాత మనుషులు మసకలయ్యారు. కుర్చీ మాత్రం వదల్లేదు. కళ్ళు పోయినకొద్దీ ఆ చూపు అంతా నోట్లోకి దిగింది.

"ఏం పూస్తున్నావే?"

"కోటుకి రంగు అత్తయ్యా."

"పొద్దుట్నించీ ఒక్క కోటా? వాడు ఏనుగా?"

ఒకరోజు పటాల కొట్టాయన గొంతు సవరించుకుని, "అమ్మ కళ్ళు చూపిద్దామా? ఆపరేషన్ చేస్తే వచ్చేస్తాయంట" అన్నాడు. అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. రంగులమ్మ కుంచె కింద పెట్టింది.

"ఇప్పుడా? ఎండలు మండిపోతున్నాయి. తగ్గనివ్వండి."

ఎండలు తగ్గాయి. వానల్లో కళ్ళకి చెమ్మ మంచిది కాదంది. వానలు వెలిశాయి. చలిగాలికి కుట్లు మానవంది. చలి పోయింది. మళ్ళీ ఎండలొచ్చాయి. దేవుడు చేసిన కాలాలన్నీ ఆ ఇంట్లో కంటికి చెడ్డవే అయ్యాయి.

ఆమె భయం ఆమెది. అత్తగారికి చూపొస్తే తనని తాను గుర్తుపడుతుంది. గుర్తుపడితే ఊరుకుంటుందా? ఆ నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్క మాట వీధిలో పడిందంటే ఇన్ని ఇళ్ళలో తాతలందరూ ఒక్కసారిగా మళ్ళీ చస్తారు. మీసం కింద ఉన్నది పటాల కొట్టు ముసలమ్మ అని తెలిస్తే ఆ తాతల మనవలు కొట్టు అద్దాలు మిగలనిస్తారా? కొట్టు పోతుంది, మర్యాద పోతుంది, ఇక ఇంట్లో అత్తగారు తననేం చేస్తుందో దేవుడికే తెలియాలి.

అలా నెట్టుకొస్తుండగా ఒక మధ్యాహ్నం అత్తగారు గోడ పట్టుకుని నడుస్తూ, కోసిపెట్టిన అద్దం అంచు మీద చెయ్యి వేసింది. వేలు తెగింది. రంగులమ్మ పరుగెత్తి గుడ్డ చుట్టి, పక్కన కూలబడింది. ఎన్ని తిట్లు పడతాయో అని తల వంచుకుంది. ముసలావిడ తిట్టలేదు. గుడ్డ చుట్టిన వేలితోనే కోడలి ముఖం తడిమింది.

"ఏమే, నీ ముక్కు పొట్టిదా పొడుగుదా? మర్చిపోయానే."

"పొట్టిదే అత్తయ్యా."

"పొట్టిదేనా? ఎన్నేళ్ళుగానో తిడుతున్నాను, ఎవర్ని తిడుతున్నానో ముఖం గుర్తుకు రావడం లేదు. గోడని తిట్టినట్టుంది. రుచి లేదే."

రంగులమ్మ తెగిన వేలి మీద గుడ్డ బిగించింది. పోతే పోనీ కొట్టు అనుకుంది. ముసల్దాని కళ్ళు దాచుకుని తినే తిండి ఒంటికి పడుతుందా? ఆ సాయంత్రమే మొగుడితో చెప్పింది.

"రేపు అత్తయ్యని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్దాం."

"ఎండలు?" అన్నాడాయన.

"ఎండల సంగతి మీకెందుకు! పదండంటే పదండి."

ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు వచ్చింది. డాక్టరుగారి గదిలో అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. రంగులమ్మ గోడ వైపు చూసింది. కుర్చీకి సరిగ్గా ఎదురుగా, పూతపూసిన ఫ్రేములో, దేశం పుట్టిన పటం. రెండో వరసలో, పులిపిరితో సహా, డాక్టరుగారి తాత.

"నెమ్మదిగా తెరవండమ్మా. ఏం కనపడుతోంది?"

ముసలావిడ కళ్ళు తెరిచింది. చికిలించింది. గోడ వైపు చూసింది. చూస్తూనే ఉంది.

"బాబూ, ఆయనెవరు? ఆ వెనకాయన, ముక్కు పొడుగాయన."

డాక్టరు పొంగిపోయాడు. "మా తాతగారండీ! దేశం పుట్టిన రోజు ఆ హాల్లోనే ఉన్నారు. పెద్దాయన కలం ఆగిపోతే, 'ఆలోచించకు, పెట్టేయ్' అన్నది మా తాతగారే అంటారు."

"అలాగా," అంది ముసలావిడ. కోడలి వైపు తిరిగి చూసింది. "ముక్కు పొట్టిదే" అని ఊరుకుంది.

దారి పొడుగునా తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని రంగులమ్మ ఎదురుచూసింది. వీధి మొదట్లోకి రాగానే ముసలావిడ ఆగింది.

"అందరి ముఖాలూ చూడాలనుందే. ఇంటింటికీ తీసుకెళ్ళు."

దర్జీ ఇంట్లోకి వెళ్ళారు. గోడ మీద పటం. దర్జీ ఎదురొచ్చి, ముసలావిడ ముఖం చూడగానే ఎందుకో తనకే తెలియకుండా నిటారుగా నిలబడ్డాడు.

"రండి పిన్నిగారూ, చూపొచ్చిందట! అదిగో మా తాత. ఆ కోట్లన్నీ ఆయనే కుట్టాడు."

"అవునా? మరి భుజాలు వంకరగా ఉన్నాయేం?"

"సరిచేయిస్తాను పిన్నిగారూ" అన్నాడు దర్జీ, చేతులు కట్టుకుని.

రొట్టెల కొట్టాయన ఇంట్లో ఆ తాతే హాల్లో ఉన్నవాళ్ళందరికీ రొట్టెలు పంచాడు. మంగలి ఇంట్లో ఆ తాతే పెద్దాయనకి ఆ రోజు పొద్దున గడ్డం గీశాడు. మూలింటి తాత గుర్రమెక్కి కబురు మోసుకొచ్చాడు. ప్రతి గోడ మీదా అదే ముక్కు, అదే పెదవి. రంగులమ్మ వెనకాలే నడుస్తోంది, కోతకి తోలుకెళ్తున్న మేకలా. బడిపంతులు ఇంట్లో అయితే పిల్లలు ముసలావిడని చూసి లేచి నిలబడి, కూర్చోమన్నదాకా కూర్చోలేదు.

ఇంటికొచ్చాక ముసలావిడ తన కుర్చీలో కూర్చుంది. తలుపు మూయమంది.

"ఏమే."

"అత్తయ్యా."

"దర్జీ తాతెవరు?"

"మీరే అత్తయ్యా."

"రొట్టెల తాత?"

"మీరే."

"గుర్రమెక్కినవాడు?"

"గడ్డం పెట్టాను గాని... మీరే."

"కాదని బుకాయిస్తావేమో అనుకున్నా." ముసలావిడ శాలువా సర్దుకుంది. "దేశం పుట్టిన రోజు నేనెక్కడున్నానో తెలుసా?"

రంగులమ్మ తల అడ్డంగా ఊపింది.

"పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్నా. వీధిలో అరుపులు, ఈలలు. ఏమైందండీ అని మీ మామగారినడిగా. దేశం పుట్టిందట అన్నాడు. మగా, ఆడా అన్నా. నీకెందుకే, నువ్వు దుప్పటి పిండు అన్నాడు. ఆయన చొక్కా వేసుకుని చూడ్డానికి పోయాడు. నన్ను ఒక్కడూ పిలవలేదు."

ఆవిడ తనలో తను నవ్వుకుంది. ఆ ముఖం మీద నవ్వు చూడ్డం రంగులమ్మకి అదే మొదలు. చూసి జడుసుకుంది.

"ఇప్పుడు చూడు. ఆయన ఒక్క పటంలోనూ లేడు. నేను లేని పటం లేదు. నేను లేకుండా ఈ ఊళ్ళో దేశమే పుట్టలేదు!"

"అయితే... మీరు ఎవరికీ చెప్పరా అత్తయ్యా?"

"చెప్తే నన్ను చెరిపేసి వాళ్ళ తాతల్ని పెట్టుకుంటారు. నాకేమన్నా పిచ్చా?"

రంగులమ్మ గుండెల మీద నుంచి బండ దిగింది. కాని ఇంటి కోడలికి ఒక బండ దిగితే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది కదా. మర్నాడు పొద్దున అత్తగారు తల నున్నగా దువ్వుకుని, మంచి శాలువా కప్పుకుని, గడ్డం ఎత్తి కుర్చీలో కూర్చుంది. పెదవులు రెండు చెవుల దాకా సాగదీసింది.

"ఇటు తిరగనా, అటు తిరగనా? వెలుతురు సరిపోయిందా? వెయ్యి!"

రంగులమ్మ వేసింది. ఆ రోజు పట్టుకెళ్ళిన పటం మర్నాడే వెనక్కొచ్చింది. ఊరి సంఘం అధ్యక్షుడు స్వయంగా చంకలో పెట్టుకుని తెచ్చాడు.

"ఏమ్మా, మా తాత నవ్వుతున్నాడేంటి? దేశం పుడుతుంటే నవ్వడమా? ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టుంది. దర్జీ తాతని చూడు, ఎంత కోపం, ఎంత గాంభీర్యం! ఆయనకి బాధ్యత ఉంది, మా తాతకి లేదా?"

తపాలా జవాను తమ్ముడూ తెచ్చాడు. వాళ్ళ తాత పెళ్ళి విందుకి వచ్చినట్టున్నాడని వాళ్ళావిడ గోడకి తగిలించనివ్వలేదట. ఇలా నాలుగు వెనక్కొస్తే వీధిలో గుసగుసలు మొదలవుతాయి. ఒక తాత నవ్వి ఒక తాత నవ్వకపోతే, ఎవరి తాత ఎవడని పక్కపక్కన పెట్టి చూస్తారు. పెట్టి చూస్తే ఏం తేలుతుందో రంగులమ్మకి తెలుసు. పాత ముఖం తలుచుకుని వేద్దామని చూసింది. చెయ్యి సాగలేదు. ఎదురుగా చూస్తే తప్ప ఆమెకి ఆ కోపం రాదు.

"అత్తయ్యా, కాస్త కోపంగా కూర్చోండి."

"నాకు కోపమెందుకే? దేశాన్ని పుట్టించినదాన్ని!"

"పోనీ, నవ్వకుండా ఉండండి."

"ఇన్నేళ్ళకి నా ముఖం పదిమంది చూస్తున్నారు. ముడుచుకుని కూర్చోనా? నవ్వుతాను, నా ఇష్టం."

అధ్యక్షుడు సాయంత్రానికి పటం కావాలన్నాడు. ఇవ్వకపోతే తనే పొరుగూరి చిత్రకారుడి దగ్గరికి పట్టుకుపోతానన్నాడు. ఆ చిత్రకారుడు చదువుకున్నవాడు. పది పటాలు పక్కన పెట్టుకుని చూశాడంటే అయిపోయినట్టే. రంగులమ్మ బల్ల ముందు కూర్చుని, కుంచె తడుపుకుని, ఒక్క నిమిషం ఆలోచించింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, చక్కెర వెయ్యకుండా టీ పెట్టి తెచ్చి అత్తగారి చేతికిచ్చింది.

ముసలావిడ ఒక గుక్క తాగింది. నవ్వు ఒక చెవి దగ్గర నుంచి ఊడింది.

"ఇదేంటే, చేదు విషంలా ఉంది!"

"మీ చెల్లెలుగారి టీ ఎంత బాగుంటుందో అత్తయ్యా," అంది రంగులమ్మ, కుంచె మీద నుంచి కళ్ళెత్తకుండా. "అన్నట్టు డాక్టరుగారు అడుగుతున్నారు, మీ చెల్లెలు మీకంటే ఇరవయ్యేళ్ళు చిన్నదా అని."

"ఏమిటీ!"

ఇంక చూసుకోండి. రెండో చెవి దగ్గరి నవ్వు కూడా ఊడిపోయింది. కనుబొమ్మలు పైకి లేచాయి, పెదవి కిందికి దిగింది, పులిపిరి ఎర్రబడింది. "ఇరవయ్యా? అది నాకంటే ఏడాది చిన్నది! దాని జుట్టు సవరం, దాని పళ్ళు కట్టుడువి, దాని టీ కడుగునీళ్ళు! ఎవడా డాక్టరు? కళ్ళ డాక్టరుకి కళ్ళు లేవా? నువ్వూ నువ్వే, ముసిముసిగా నవ్వుతావా? నీ వంట తిని నా కొడుకు మాటలు మర్చిపోయాడు! నీ పుట్టింటివాళ్ళు..."

రంగులమ్మ కుంచె పరుగులు పెట్టింది. ముక్కు వచ్చింది, పెదవి వచ్చింది, పులిపిరి వచ్చింది. పుట్టింటివాళ్ళ మూడో తరం దాకా వెళ్ళిన అత్తగారు అక్కడ ఠక్కున ఆగింది. కొత్త కళ్ళు చికిలించి, బల్ల మీది పటం వైపు వేలు చూపించింది.

"ఏమే, ఆ కనుబొమ్మ ఇంకాస్త పైకి లేపు. నాకొచ్చిన కోపం అంతేనా?"